పైడమ్మ ఫోను పేరు

విశాఖపట్నంలో వైఫై పెట్టెలు తయారుచేసే ఒక చిన్న కంపెనీలో కపర్ది అనే ఇంజనీరు ఉండేవాడు. అతను పనిలో ఎంత దిట్టో, తన పనిలో తప్పుందంటే ఒప్పుకోకపోవడంలో అంత మొండివాడు.

ఆ పెట్టెల పేరు గాలిపటం. వాటిని లోపలినుంచి నడిపించే ప్రోగ్రామంతా కపర్ది రాసిందే. ఇరవై రెండు వేల ఇళ్లలో అవి పనిచేస్తుండేవి. ఎవరింటికైనా వెళ్లినప్పుడు గోడ మీద తన పెట్టె కనబడితే, దాని ఆకుపచ్చ దీపం వంక చూసి లోలోపల మురిసిపోయేవాడు. ఎవరైనా ఫిర్యాదు చేస్తే మాత్రం అతని దగ్గర జవాబు సిద్ధంగా ఉండేది. "పెట్టె మంచిదే. వాళ్లకే వాడడం రాదు" అనేవాడు.

ఒకరోజు ఉదయం, ఫిర్యాదులు చూసే చిత్రలేఖ అతని బల్ల దగ్గరికి వచ్చింది.

"కపర్ది గారూ, సాలూరు నుంచి పైడమ్మ అని ఒకావిడ మూడు రోజులుగా ఫోన్ చేస్తోంది. వాళ్ల మేనకోడలి ఇంట్లో మన పెట్టె ఉందట. అక్కడ అతిథులకిచ్చే వైఫైకి ఈవిడ ఫోను కలిపితే, ఇంటివాళ్లు మాత్రమే చూడాల్సిన పేజీ తెరుచుకుంటోందట. పాస్‌వర్డ్ కూడా అడగడం లేదట" అంది.

కపర్ది తలెత్తలేదు. "పెట్టె ఆపి మళ్లీ వెయ్యమనండి" అన్నాడు.

"మూడుసార్లు ఆపి వేసిందట."

"అయితే ఫోను మార్చమనండి."

"ఆ మాటేదో మీరే చెప్పండి. లైన్లోనే ఉంది" అంటూ చిత్రలేఖ ఫోను అతని చేతిలో పెట్టింది.

పైడమ్మ గొంతు నెమ్మదిగా ఉంది కానీ, అందులో కంగారు దాగలేదు.

"బాబూ, నేను ఆడపిల్లలకి కుట్టుపని నేర్పుతాను. ఈ పెట్టెల సంగతి నాకేటీ తెలీదు. మా మేనకోడలు వసంతకి మొన్ననే పురుడైంది. ఉయ్యాల కనబడేలా గదిలో కెమెరా పెట్టుకుంది. ఆ పేజీలో ఏదో నొక్కాను, వంటింట్లో కూర్చున్న నా ఫోన్లోకి పసిబిడ్డ వచ్చేసింది. నేనంటే సొంతదాన్ని. రేపు ఎవడో ముక్కూ మొహం తెలియనోడు వచ్చి వైఫై అడిగితే? ఆడి ఫోన్లోకీ ఇలాగే వచ్చేస్తే?"

"అలా అందరికీ రాదమ్మా. మా పెట్టెలో తప్పు లేదు."

"నిజమే, అందరికీ రావట్లేదు. ఇంట్లోవాళ్ల ఫోన్లు నాలుగు కలిపి చూశాం. నాదానికే వస్తోంది. తేడా ఒక్కటే కనిపించింది బాబూ. నా దగ్గరికొచ్చే పిల్లలు అస్తమానం ఫోను తీస్తారని దానికి తెలుగులో పేరు పెట్టుకున్నాను, 'పైడమ్మ ఫోను ఎవరూ ముట్టుకోవద్దు' అని."

కపర్దికి నవ్వొచ్చింది. "పేరుకీ దీనికీ ఏం సంబంధమమ్మా! అంత అనుమానంగా ఉంటే చిన్న పేరు పెట్టుకోండి."

పైడమ్మ అంది: "బాబూ, నేను కొలత తియ్యకుండా గుడ్డ కత్తిరించను. జాకెట్టు పట్టకపోతే మనిషిని సన్నబడమనను. మీ పెట్టె నా పేరు కొలత తీసిందో లేదో ఒక్కసారి చూడండి. చూశాక ఏం చెప్పినా వింటాను."

కపర్దికి చురుక్కుమంది. ఒక కుట్టుపని చేసే మనిషి తనకు కొలతలు నేర్పడమేమిటి? ఆమె తప్పని చూపించాలనే పట్టుదలతోనే, చూసి చెబుతానని ఫోను పెట్టేసి, బల్ల మీది పెట్టె ముందుకు లాక్కున్నాడు. తన ఫోనుకి ఇంగ్లిషులో పొడవాటి పేరు పెట్టి వైఫైకి కలిపాడు. అతిథులకు వచ్చే స్వాగతం పేజీ చక్కగా వచ్చింది.

"చూశారా? ఏమీ కాలేదు" అన్నాడు చిత్రలేఖతో.

"మీరు ఇంగ్లిషులో పెట్టారు. ఆవిడ తెలుగులో కదా పెట్టుకుంది?" అంది చిత్రలేఖ.

కపర్ది విసుక్కుంటూనే పైడమ్మ చెప్పిన పేరు ఉన్నదున్నట్టు టైపు చేశాడు. ఈసారి స్వాగతం రాలేదు. పాస్‌వర్డ్ అడగలేదు. ఇంటి యజమాని పేజీ బార్లా తెరుచుకుంది.

కపర్ది తను రాసిన ప్రోగ్రాం తీసి ఒక్కో వరుసా చదివాడు. తప్పు దొరికింది.

పెట్టె జ్ఞాపకం గళ్లు గళ్లుగా ఉంటుంది. వచ్చిన ఫోను పేరు రాసుకోవడానికి అతను ముప్పై రెండు గళ్లు ఉంచాడు. పైడమ్మ పెట్టుకున్న పేరులో అక్షరాలు, గుణింతాలు, ఖాళీలు ఒక్కోటిగా, వత్తులు రెండేసిగా లెక్కపెడితే ముప్పై. పట్టేస్తుందని ప్రోగ్రాం లోపలికి రానిచ్చేసింది. ఇంగ్లిషు అక్షరం ఒక్క గడిలో సరిపోతుంది. తెలుగుకు మాత్రం అక్షరానికి, గుణింతానికి మూడేసి గళ్లు, వత్తుకు ఆరేసి గళ్లు కావాలి. అలా ఆ పేరుకి ఎనభై నాలుగు గళ్లు కావాల్సి వచ్చింది. పట్టని భాగం గట్టు తెగిన నీళ్లలా పక్క గళ్లలోకి పొర్లింది. ఈ వచ్చినవాడు యజమానా కాదా అని గుర్తు పెట్టుకునే గడి సరిగ్గా ఆ పక్కనే ఉంది. అతిథి వస్తే ఖాళీగా ఉండాల్సిన ఆ గడి నిండిపోయి, అతిథి కాస్తా యజమాని అయిపోయాడు.

తెలుగువాడై ఉండి, తను ఏనాడూ తెలుగు పేరు పెట్టి చూడలేదు. కపర్దికి సిగ్గేసింది. సిగ్గు వెనకే భయమూ వేసింది. ఇరవై రెండు వేల ఇళ్లు. ఎన్ని ఉయ్యాలలో, ఎన్ని పడక గదులో.

ఒక ఆలోచన మెల్లగా వచ్చి చెవిలో చెప్పింది. వచ్చే నెల ఎలాగూ కొత్త ప్రోగ్రాం పంపాలి. అందులో దీన్నీ కలిపేస్తే తన తప్పని ఎవరికీ తెలియదు. చిత్రలేఖ కూడా ఎవరికీ చెప్పే మనిషి కాదు. కానీ ఈ నెల రోజుల్లో వసంత ఇంటికి ఎవరొస్తారో ఎవరికి తెలుసు? కపర్ది లేచి తిన్నగా ఎండీ ఆదినారాయణ గదిలోకి వెళ్లాడు.

"సార్, తప్పు నాది. కొత్త ప్రోగ్రాం సిద్ధమయ్యేదాకా అతిథుల వైఫై ఆపెయ్యమని ఇవాళే అందరికీ చెప్పాలి" అన్నాడు.

ఆదినారాయణ ముఖం మాడ్చుకున్నాడు. "కంపెనీ పరువేం కావాలయ్యా?"

"మనం చెబితే కొంత పోతుంది సార్. ఇంకెవరో చెబితే మొత్తం పోతుంది."

ఆయన తలూపాడు. "సరే, చెప్పు" అన్నాడు.

ఆ గంటలోనే అందరికీ సందేశాలు వెళ్లాయి. సాయంత్రానికల్లా కపర్ది ప్రోగ్రాం సరిచేశాడు. సరిచేసింది నాలుగు వరుసలే. ఇక ఏ పేరు వచ్చినా, ఎన్ని గళ్లు కావాలో ముందు కొలిచి, పట్టినంతే రాసుకుంటుంది. అందరికీ పంపకముందు అతనే సాలూరుకి ఫోన్ చేశాడు.

"పైడమ్మగారూ, మీరన్నదే నిజం. మా పెట్టె కొలత తియ్యలేదు. అనకూడని మాటలన్నాను, క్షమించండి. వసంతగారి పెట్టెకి కొత్త ప్రోగ్రాం పంపాను. ఒక్కసారి కలిపి చూస్తారా?"

అవతల అడుగుల చప్పుడు, పసిబిడ్డ ఏడుపు, ఎవరో జోకొట్టడం వినిపించాయి.

"బాబూ, స్వాగతం అని వచ్చింది! ఇంకేటీ రాలేదు. బిడ్డ కనబడ్డం లేదు!"

బిడ్డ కనబడ్డం లేదన్న మాటకి ఒక మనిషి అంత సంతోషించడం పక్కనే నిలబడి వింటున్న చిత్రలేఖ అంతకుముందు చూడలేదు. కపర్ది కుర్చీలో వెనక్కి వాలి గట్టిగా ఊపిరి వదిలాడు.

మర్నాడు కొత్త ప్రోగ్రాం అన్ని ఇళ్లకూ వెళ్లింది. వెళ్తూనే, యజమాని పేజీ ఎప్పుడైనా పాస్‌వర్డ్ లేకుండా తెరుచుకుందా అని ప్రతి పెట్టెలోనూ వెతికింది. సాలూరు పెట్టెలో తప్ప ఏ ఇంట్లోనూ అలా జరగలేదు. దానంతటది ప్రోగ్రాం అందుకోలేని పెట్టెలు కొన్ని వందలు మిగిలాయి. కపర్ది, చిత్రలేఖ వారం రోజులు కూర్చుని ఆ ఇళ్లకు ఒక్కొక్కటిగా ఫోన్లు చేసి, ప్రోగ్రాం ఎలా ఎక్కించుకోవాలో చెప్పారు. ఆఖరి ఇల్లు కూడా పూర్తయిన రోజు కపర్ది ఇంటికి వెళ్లి, చాలా రోజుల తర్వాత కడుపునిండా అన్నం తిన్నాడు.

నీతి: తప్పు ఎంత గొప్ప పనివాడికైనా దొర్లుతుంది. దాన్ని చూపించినవారి మాట, వారెవరైనా సరే, విని ఒప్పుకున్నవాడే తననూ, తనను నమ్మినవారినీ ఆపదలోంచి కాపాడుకుంటాడు.