వరహాలమ్మ ఆనపపాదులు, బొట్టుగాడి తవ్వకాలు

అనగనగా సముద్రపు గాలి తగిలే ఒక ఊళ్ళో వరహాలమ్మ అని ఒకావిడ ఉండేది, బుజ్జమ్మా. ఆవిడకో నల్లకుక్క. నుదుటిమీద తెల్లమచ్చ ఉండేదని దానికి బొట్టుగాడని పేరు పెట్టింది. కళ్ళు తెరవని కూనగా ఉన్నప్పుడు తెచ్చి, దూదితో పాలు పట్టి పెంచింది. ఆవిడ బావికెళ్తే వాడూ బావికే, ఆవిడ పొలానికెళ్తే వాడూ పొలానికే.

అప్పుడు ఆవిడ మరిదికి పెళ్ళయింది. నూకాలు అనే పిల్ల ఆవిడకు తోడికోడలుగా వచ్చింది. ఒకే ఇల్లు, ఒకే పెరడు. పెరట్లో సగం వరహాలమ్మ బీరపాదులు, ఆనపపాదులు. మిగతా సగంలో నూకాలు పుట్టింటి నుంచి తెచ్చుకున్న కనకాంబరం మొక్కలు నాటుకుంది. చనిపోయిన వాళ్ళమ్మ చేత్తో పెంచిన మొక్కలవి.

నూకాలుకు కాస్త తీరిక దొరికితే చాలు, బొట్టుగాడి పక్కన కూర్చుని చెవుల వెనక గోకేది. నెల తిరక్కుండానే వాడు ఆ పిల్ల కొంగు పట్టుకుని తిరగడం మొదలెట్టాడు. వరహాలమ్మకు కడుపులో భగ్గుమంది. అన్నం పెట్టేది నేను, తోక ఊపేది దానికా అనుకుంది. పైకి మాత్రం ఏమీ అనలేదు. నూకాలుతో మాట్లాడటం మానేసింది, అంతే. ఉప్పు కావాలన్నా గోడకు చెప్పినట్టు చెప్పేది.

ఆ తర్వాత ఇంకో చిక్కు వచ్చిపడింది. బొట్టుగాడు పాదులు తవ్వడం మొదలెట్టాడు. అవీ వరహాలమ్మవే. కనకాంబరాల వైపు కన్నెత్తి చూడడు. చూశావా, దాని మొక్కలంటే ఎంత భయభక్తులో అని ఆవిడ ఇంకా కుమిలిపోయింది.

మొదట పాదుల చుట్టూ తుమ్మకంప వేసింది. వాడు కంప కింద నుంచి దూరి తవ్వాడు. అప్పుడు మట్టిమీద కారం చల్లింది. తుమ్ముకుంటూనే తవ్వాడు. ఆ తర్వాత తాడు తెచ్చి గుంజకు కట్టేసింది. వాడు అన్నం ముట్టలేదు. పొద్దుగూకేదాకా మూలుగుతూనే ఉన్నాడు. మనసాగక ఆవిడే విప్పింది. విప్పగానే వాడు ఆవిడ చెయ్యైనా నాకకుండా, నేరుగా నూకాలు దగ్గరికి పరిగెత్తాడు.

అదిగో, అప్పుడు పాడుబుద్ధి పుట్టింది వరహాలమ్మకి. మర్నాడు నూకాలు బట్టలు ఉతకడానికి ఏటికి వెళ్ళగానే, నాలుగు ఎండుచేపల తలలు తీసుకెళ్ళి కనకాంబరాల మొదట్లో పాతిపెట్టింది. దాని మొక్కలూ పోతేగానీ నా బాధ దానికి తెలీదనుకుంది.

బొట్టుగాడు ముక్కు ఎగబీల్చుకుంటూ వచ్చాడు. ఒక్క మొక్క మిగల్చలేదు.

నూకాలు తిరిగొచ్చి చూసింది. తడిబట్టల తట్ట దింపి, ఆ మట్టిలోనే కూలబడింది. వేరు తెగని మొక్కల్ని ఒక్కొక్కటే ఏరి కొంగులో వేసుకుంటోంది.

వంటింటి గుమ్మంలో నిలబడ్డ వరహాలమ్మకు కడుపు చల్లబడుతుందనుకుంటే, చల్లబడలేదు. బొట్టుగాడు గోతి పక్కన పడుకుని చేపతల నములుతున్నాడు. అప్పుడు తట్టింది ఆవిడకి. పాదులు బలంగా పాకుతాయని రోజూ చేపలు కడిగిన నీళ్ళు తనే పోస్తోంది కదా. వాడికి తనమీద కోపమూ లేదు, నూకాలు మొక్కలంటే భక్తీ లేదు. ఉన్నదంతా చేపవాసనే.

మెల్లగా వెళ్ళి నూకాలు పక్కన కూర్చుంది.

"నూకాలూ, ఆ తలలు పాతింది నేనే."

మూడు నెలల తర్వాత ఆ పేరు పలికిందావిడ. నూకాలు చేతిలోని మొక్కకు అంటిన మట్టి దులిపింది.

"చేపనీళ్ళకే వాడు నీ పాదులు తవ్వుతున్నాడని నాకు ముందే తెలుసక్కా," అంది. "నువ్వు నా మొహమైనా చూడకపోతే నాకూ ఉక్రోషం వచ్చింది. తవ్వుకోనీలే అని ఊరుకున్నాను."

ఇద్దరూ కలిసి గోతులు సరిచేశారు. మొక్కల్ని మళ్ళీ నాటారు. పదకొండింటిలో ఆరు బతికాయి.

ఆ తర్వాత చేపనీళ్ళు పాదులకు పొయ్యడం మానేసి, వీధి చివర పారబోశారు. బావి పక్క నీడలో రెండు తట్టల ఇసుక పోసి, అందులో ఎముకలు దాచారు. వాడు మొక్కల వైపు వెళ్తే పిలిచి ఇసుక చూపించారు. ఇసుకలో తవ్వితే మెచ్చుకుని ముద్ద పెట్టారు. పది రోజులకు వాడికి తన చోటేదో తెలిసిపోయింది.

మరి వరహాలమ్మ కుళ్ళు పోయిందా అంటావా? ఎక్కడ పోతుందమ్మా. ఒక సాయంత్రం బొట్టుగాడు నూకాలు ఒళ్ళో తల పెట్టుకుని పడుకున్నాడు. చూడగానే ఆవిడకు మళ్ళీ చురుక్కుమంది. ఇదివరకైతే లోపలికి వెళ్ళి తలుపేసుకునేది. ఆ రోజు మాత్రం బియ్యం చేట పట్టుకుని అరుగు మీదికి వచ్చి, "కాస్త జరగవే," అని నూకాలు పక్కనే కూర్చుంది. వాడు కళ్ళు తెరవకుండానే వెనక్కాళ్ళు చాచి ఆవిడ ఒళ్ళో వేశాడు.

"తల నీకూ, కాళ్ళు నాకూనా," అని గొణిగింది వరహాలమ్మ. గొణిగిందే గానీ, ఆ కాళ్ళను తోసెయ్యలేదు. చేట పక్కన పెట్టి, మెల్లగా నిమిరింది.

కథేమో కంచి దారి పట్టింది,
కునుకేమో కంటి తలుపు తట్టింది.
మనముండేది మన ఇంట్లోనే,
నీ తలుండేది నా ఒళ్ళోనే.