చలివేంద్రంలో శిలాఫలకం

సోమగిరి రాజు గజేంద్రవర్మకు ఎండలు ముదిరితే చాలు, ఎవరికో ఒకరికి బిరుదు ఇవ్వాలనిపించేది. ఆ ఏడు ఆయన మనసు దానధర్మాల మీదికి పోయింది.

"మన పట్నంలో అందరికన్నా గొప్ప దాత ఎవరో తేల్చండి. పట్టుశాలువా కప్పుతాను. దానం చేసిన చోటు ఆ దాతకే రాసిచ్చేస్తాను" అని నిండు సభలో ప్రకటించాడు.

వెంటనే షావుకారు కనకభూషణం లేచి నిలబడ్డాడు. తన గొప్ప తానే చెప్పుకోవడం ఆయనకు బొత్తిగా ఇష్టం ఉండదు. అందుకని చెప్పడానికి ఇద్దరు వందిమాగధుల్ని వెంట తెచ్చుకున్నాడు.

వాళ్లు ఎత్తుకున్నారు. సంతవీధి మలుపులో ఉన్న చలివేంద్రం షావుకారుగారి చలవేనట. కూలీలూ బండ్లవాళ్లూ ఆయన పేరు తలుచుకునే గొంతు తడుపుకుంటున్నారట.

అసలు సంగతి రాజుగారికి తప్ప అందరికీ తెలుసు. ఆ చలివేంద్రం నాంచారమ్మది. ఆమె మొగుడు మూటలు మోస్తూ, వడదెబ్బ తగిలి ఆ మలుపులోనే పడిపోయాడు. గుక్కెడు నీళ్లు పోసేవాళ్లు లేక ప్రాణం పోయింది. మరెవరికీ ఆ గతి పట్టకూడదని ఆమె పందిరి వేసింది. తాటాకులు ఒకరిచ్చారు. కుండలు కుమ్మరి బాలయ్యవి. మజ్జిగ పాలమ్మే గంగులుది. ఉప్పూ నిమ్మకాయలూ అంగళ్లవాళ్లు తలా కాస్త వేసేవాళ్లు.

మరి షావుకారు ఇచ్చిందేమిటి? తన పేరు చెక్కించిన నిలువెత్తు శిలాఫలకం. దాన్ని పందిరి ముందు, సరిగ్గా గాలి వచ్చే వైపు నిలబెట్టించాడు. ఆ చోటు చేతికొస్తే పందిరి పీకించి గిడ్డంగి కట్టుకోవాలని ఆయన ఆలోచన.

సభలో ఓ మూల నిలబడ్డ నాంచారమ్మ కొంగుతో కళ్లొత్తుకుంది. రాజుగారికి తాంబూలం చుట్టి ఇచ్చే గవరయ్య అది చూశాడు. ఆ చలివేంద్రంలో తాగినవాడే అతనూ. చుడుతున్న ఆకు పక్కన పెట్టి లేచాడు.

"మహాప్రభూ, ఆ చలివేంద్రానికి కుండలిచ్చినవాళ్లూ, మజ్జిగ పోసినవాళ్లూ కూడా ఉన్నారు..."

షావుకారు పకపకా నవ్వాడు. "గుప్పెడు ఉప్పు వేసినవాడూ దాతేనా గవరయ్యా? అలాంటివి ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే. పేరున్న దానం ఒక్కటి చాలు."

"చాలునా బాబుగారూ?"

"చాలంటున్నానుగా!"

"అయితే ప్రభూ, చిన్న మనవి. బిరుదు ఇచ్చే రోజున ఆ చిల్లర దానాలన్నీ అక్కణ్ణించి తీయించేద్దాం. వచ్చినవాళ్లకు షావుకారుగారి దానం ఒక్కటే కనబడాలి."

షావుకారు ఉబ్బి తబ్బిబ్బయ్యాడు. "భేషైన మాట! ఎవరిది వాళ్లు పట్టుకుపొమ్మని నేనే కబురు పెడతాను" అన్నాడు. రాజు సరేనన్నాడు.

బయటికి రాగానే నాంచారమ్మ గవరయ్యను నిలదీసింది. "నువ్వు కూడా వాళ్లలో కలిసిపోయావా అన్నా?"

"తిట్టుకుందువుగానిలే చెల్లెమ్మా. ఆ రోజు కుండలు మాత్రం నిండుగా ఉంచు. ఎదురుగా చింతచెట్టు నీడలో పెట్టుకో" అన్నాడు గవరయ్య.

రోహిణి కార్తె. రోళ్లు పగిలే ఎండ. సంతంతా చూడాలని షావుకారు మిట్టమధ్యాహ్నమే ముహూర్తం పెట్టించాడు. ఏనుగు మీద రాజు, వెనక గుర్రం మీద షావుకారు, ముందు మేళతాళాలు. ఊరేగింపు ప్రతి వీధీ తిరిగింది. జరీ అంగరఖా, తలమీద కిరీటం, కింద ఏనుగు వేడి. మలుపు చేరేసరికి రాజుగారి నాలుక పిడచకట్టుకుపోయింది.

"ముందు నీళ్లు! చలివేంద్రం ఎక్కడ?" అన్నాడు ఏనుగు దిగుతూనే.

పందిరి లేదు. కుండలు లేవు. షావుకారు కబురు అందినవాళ్లందరూ తమ తమ దానాలు బుద్ధిగా పట్టుకుపోయారు. శిలాఫలకానికి ఆనించిన ఇటుకలు కూడా ఇటుకలబట్టీవాడివే. అతను అవి తీసుకుపోవడంతో ఫలకం కాస్తా బోర్లా పడి ఉంది.

గవరయ్య ఆ రాయి పక్కన వినయంగా వంగి నిలబడ్డాడు.

"దోసిలి పట్టండి ప్రభూ, షావుకారుగారి దానం పోస్తాను."

దాహంలో ఉన్న రాజు నిజంగానే దోసిలి పట్టాడు! కాసేపు చూసి, "నీళ్లేవిరా?" అన్నాడు.

"పేరున్న దానం ఒక్కటి చాలన్నారు కదా ప్రభూ. పేరైతే ఉంది. కిందవైపు."

రాజు కళ్లెర్రజేసి షావుకారు వైపు తిరిగాడు. "ఏమంటావయ్యా?"

షావుకారు కళ్లు చింతచెట్టు కిందికి పోయాయి. "కాస్త... ఆ మజ్జిగ..." అన్నాడు తడారిన పెదవులతో.

"ఏ మజ్జిగ బాబుగారూ? ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే అన్నారే, అదా?"

రాజుకు నవ్వాగలేదు. ఎండిన గొంతుతో నవ్వబోయి పొలమారింది. నాంచారమ్మ ఇక ఆగలేక కుండెత్తుకుని పరుగున వచ్చింది. రాజుగారి దోసిట్లో మజ్జిగ పోసింది. తర్వాత షావుకారుకూ పోసింది. దాహంతో వచ్చినవాళ్లలో మంచివాళ్లనీ చెడ్డవాళ్లనీ ఏరడం ఆమెకు చేతకాదు.

"ఈ చోటు ఎప్పటికీ చలివేంద్రానిదే. పందిరి మళ్లీ లేవాలి. ఇక ఈ ఎండలో శాలువా కప్పితే ఏ దాతైనా చస్తాడు. దాన్ని తడిపి పెద్ద కుండకు చుట్టండి, నీళ్లన్నా చల్లబడతాయి" అన్నాడు రాజు.

షావుకారు నసిగాడు. "మరి నా ఫలకం ప్రభూ? కనీసం లేపి నిలబెట్టిస్తే..."

"వద్దు ప్రభూ, బోర్లానే ఉండనివ్వండి. మీద కుండలు పెట్టుకుంటాం. షావుకారుగారి దానం కూడా పనికొచ్చిందనిపించుకుంటుంది" అన్నాడు గవరయ్య.

సంతంతా గొల్లుమంది. రాజు కడుపు పట్టుకుని నవ్వుతూ తన చేతి కంకణం ఊడదీసి గవరయ్యకు తొడిగాడు. బాలయ్య అప్పటికే ఓ కుండ తెచ్చి ఆ రాయి మీద పెట్టేశాడు.