దస్తగిరి కోటు

దస్తగిరి మాస్టారిని ప్రశ్న అడిగినవాడు ముందుగా ఆయన క్లారినెట్ పెట్టె మొయ్యాలి. అది ఆయన పద్ధతి. రాగం గురించి అడిగినా, రోగం గురించి అడిగినా నోటితో జవాబు చెప్పరు. పెట్టె తీసుకో, పోదాం పా అంటారు. ఎక్కడికో తీసుకెళ్తారు, ఏదో చూపిస్తారు, తిరిగొచ్చి టీ తాగి పడుకుంటారు. అడిగినవాడికి అర్థమైతే సరే, కాకపోతే వాడి ఖర్మ. నరసరావుపేట రైలు గేటు పక్కన ఆయన దగ్గర వాయిద్యం నేర్చుకున్న ప్రతివాడూ ఈ పద్ధతిని లోలోపల తిట్టుకున్నవాడే. అందరికంటే ఎక్కువగా తిట్టుకున్నవాడు ఏలియా.

ఏలియాకి ముక్కు మీదుంటుంది కోపం. చిన్నప్పుడు మాస్టారి బ్యాండులో క్లారినెట్ ఊదాడు. ఇప్పుడు పేరున్న పాటగాడు. పల్నాటి మాటల్లో అతను కట్టి పాడిన పాటలు ఆటోల్లో, కాలేజీ ఫంక్షన్లలో మోగిపోతుంటాయి. పాటతో పాటు అతని చొక్కాకీ పేరొచ్చింది. చేతులు పైకెత్తి పాడే మనిషికి బజారు చొక్కా చంకల్లో పట్టేస్తుంది, మెడ దగ్గర గొంతు నొక్కేస్తుంది. అందుకని అతని అక్క సువార్త చీరాల నేతగుడ్డ తెచ్చి, మెడ వదులుగా పెట్టి, చంక కింద ఒక చదరపు గుడ్డముక్క అదనంగా వేసి, తమ్ముడికి ఒక చొక్కా కుట్టింది. అతను అది తొడుక్కుని పాడితే ఊళ్ళలో కుర్రాళ్ళు మాకూ అదే కావాలన్నారు. ఒక మిషను నాలుగయింది, నాలుగు ఒక షెడ్డయింది. వాళ్ళ పేటలోని ఆడవాళ్ళంతా ఆ షెడ్డులోనే కుడతారు. ప్రతి చొక్కాకీ మెడ వెనక ఎర్రదారంతో 'ఏలియా' అని ఉంటుంది.

అంతవరకూ బాగానే ఉంది. చొక్కాలు మెల్లగా మనిషిని మింగేశాయి. రంగు దిగిందని తిరిగొచ్చిన పార్సిళ్ళు, దొరకని గుండీలు, షెడ్డులో పోయిన కరెంటు, గుడ్డ పంపనన్న నేతగాడు, వీటి వెంట తిరగడంతోనే అతనికి పొద్దు గడిచిపోయేది. కొత్త పాట కట్టి ఏడాదయింది. సరిగ్గా అప్పుడే హైదరాబాదు నుంచి ఒక బట్టల కంపెనీ వాళ్ళు వచ్చారు. పేరు మాకివ్వండి, గుడ్డ మాది, కుట్టు మాది, నష్టమొస్తే అదీ మాదే, ఏటా మీ భాగం మీ ఇంటికొస్తుంది, మీరు హాయిగా పాడుకోండి అన్నారు. ఆ చివరి మాట దగ్గరే ఏలియా పడిపోయాడు.

సువార్త పడలేదు. కంపెనీ తన షెడ్డులో కుట్టించదని, ఎక్కడో పెద్ద ఫ్యాక్టరీలో గుట్టలు గుట్టలుగా కుట్టిస్తుందని ఆమె ముందే ఆరా తీసింది. అక్కాతమ్ముళ్ళు షెడ్డులో అందరి ముందూ కేకలు వేసుకున్నారు. కుట్టేవాళ్ళకి పని ఎక్కడైనా దొరుకుతుందిలే అని అతను తేలిగ్గా తీసిపారేశాడు. సువార్త చేతిలోని కత్తెర బల్ల మీద పెట్టింది. "పేరు నీదేరా. చొక్కా నాది" అంది. ఆ మాట నిజం. నిజం కావడం వల్లే అతనికి అరికాలి మంట నెత్తికెక్కింది. కంపెనీ వాళ్ళు సంతకానికి రెండు రోజుల్లో వస్తామన్నారు.

మర్నాడు పొద్దున్నే అతను మాస్టారి గుమ్మంలో నిలబడ్డాడు. చెప్పులు కూడా విప్పకుండా అడిగేశాడు. "పేరు అద్దెకిచ్చి నా పాట నేను పాడుకుంటే తప్పేంది మాస్టారూ?"

మాస్టారు గోడకున్న క్యాలెండరు వైపు చూశారు. వైశాఖమాసం, మంచి లగ్నం. "పెట్టె తీసుకో, పోదాం పా" అన్నారు.

సత్తెనపల్లి దారిలో బస్సు కుదుపులకి ఏలియా ఒళ్ళో పెట్టె ఎగురుతోంది, అతని కోపమూ ఎగురుతోంది. పక్క సీట్లో మాస్టారు నిద్రపోతున్నారు. ఆయన సంగతి ఏలియాకి తెలియనిది కాదు. ఒకప్పుడు దస్తగిరి బ్యాండు అంటే పల్నాడంతా పేరు. ఎర్ర మఖమలు కోటు, వీపు మీద బంగారు రంగు జరీతో మాస్టారి పేరు. ఏ కోటు ఆ మనిషి కొలతకే కుట్టించేవారు. డ్రమ్ము కొట్టేవాడికి భుజాలు వదులు, బాకా ఊదేవాడికి మెడ వదులు. సువార్త వేసే ఆ చంకముక్క కూడా అక్కడిదే. చిన్నప్పుడు తమ్ముడి బ్యాండు కోటు చిరిగితే కుట్లు విప్పి చూసి నేర్చుకుంది. కానీ ఆషాఢంలో, మూఢంలో పెళ్ళిళ్ళుండవు. వాయించేవాళ్ళ కడుపులకి ఆషాఢమూ లేదు, మూఢమూ లేదు. మాస్టారి భార్య గాజులు మార్వాడీ కొట్టుకి వెళ్ళి అక్కడే ఉండిపోయాయి. ఊరేగింపుల్లో నడిచి నడిచి మాస్టారి మోకాళ్ళు అరిగిపోయాయి. అప్పుడే గుంటూరు నుంచి ఒక కాంట్రాక్టరు వచ్చి బ్యాండు పేరూ, కోటూ తనకిమ్మన్నాడు. మాస్టారు ఇచ్చేశారు. ఏటా ఉగాదికి డబ్బొస్తుంది. మోకాళ్ళ ఆపరేషను ఆ డబ్బుతోనే జరిగింది.

వాళ్ళు దిగిన ఊళ్ళో చలమారెడ్డి అనే రైతు కూతురికి పెళ్ళి. ఎవరూ పిలవని పెళ్ళికి మాస్టారు వెళ్ళి రోడ్డు పక్కన వేపచెట్టు నీడలో నిలబడ్డారు. ఊరి మొదట్లో మగపెళ్ళివారి బస్సు ఆగి ఉంది. ఎదురుకోలుకి బ్యాండు వస్తోంది. ఎర్ర కోట్లే, వీపు మీద ఆ జరీ పేరే. దగ్గరికొచ్చేసరికి ఏలియా కళ్ళు చిట్లించాడు. కోట్లన్నీ ఒకే కొలత. ఒకడికి చేతులు మునివేళ్ళు దాటి వేలాడుతున్నాయి, ఇంకొకడికి గుండీలు పట్టడం లేదు. క్లారినెట్ పట్టుకున్నవాడు బుగ్గలు బాగానే ఉబ్బిస్తున్నాడు కానీ వేళ్ళు కదపడం లేదు. పాట మాత్రం అద్భుతంగా వస్తోంది. వెనక ట్రాలీ ఆటో మీద జనరేటరూ, నల్లటి స్పీకరూ ఉన్నాయి.

పై స్థాయి అందుకునే ముందు గాలి లోపలికి లాగిన చిన్న చప్పుడు స్పీకరులోంచి వినిపించింది. ఏలియా గుర్తుపట్టాడు. అది మాస్టారి ఊపిరి. చిన్నప్పుడు పక్కన నిలబడి రోజూ విన్న ఊపిరి. ఎప్పుడో రికార్డు చేసిన పాటకి ఇప్పుడెవడో బుగ్గలు ఉబ్బిస్తున్నాడు. అతను మాస్టారి మొహంలోకి చూశాడు. ఆయన తల కొంచెం పక్కకి వంచి, ఎవరో ఎరిగినవాడు వాయిస్తుంటే విన్నట్టు వింటున్నారు. ఆ శాంతం చూసి ఏలియాకి ఒళ్ళు మండిపోయింది.

జనరేటరు దగ్గి ఆగిపోయింది. పాటా ఆగిపోయింది. బుగ్గలు మాత్రం ఉబ్బే ఉన్నాయి. ఏం చెయ్యాలో తెలియక పాపం బ్యాండువాళ్ళు ఇంకాసేపు ఊదినట్టే నటించారు. ముందు పిల్లలు నవ్వారు, తర్వాత మగపెళ్ళివారు నవ్వారు. మేళం లేకుండా అడుగు ముందుకెయ్యం అని పెళ్ళికొడుకు మేనమామ బస్సు మెట్టు మీదే నిలబడిపోయాడు. చలమారెడ్డికి తల కొట్టేసినట్టయింది. ఆయన పరుగెత్తుకొచ్చి క్లారినెట్ వాడి కాలరు పట్టుకున్నాడు. వాడు, నేను గోడలకి సున్నం వేసుకునేవాణ్ణి దొరా, కూలికొచ్చాను, ఊదడం నాకు రాదు అని నిజం చెప్పేశాడు. ఆడపిల్ల తండ్రి అప్పుడు ఆ వీపు మీది పేరుని పట్టుకున్నాడు. ఈ దస్తగిరి అనేవాడు ఎవడు, వాడికి సిగ్గూ శరం ఉన్నాయా, పేరు చూసి నమ్మి పిలిస్తే నా పరువు తీస్తాడా అని, చెవులు మూసుకోవలసిన మాటలు కూడా అన్నాడు.

మాస్టారు నీడలోంచి బయటికి నడిచారు. "నేనేనయ్యా దస్తగిరిని" అన్నారు.

మిగిలిన తిట్లన్నీ ఆయన మొహం మీదే పడ్డాయి. ఆయన చేతులు కట్టుకుని తిన్నారు. ఏలియా ఉండబట్టలేక, ఆయనకి దీనితో ఏ సంబంధమూ లేదని అరిచాడు. లేకపోతే ఆ పేరేంటని ఊరంతా ఒక్కసారే అడిగింది. అరిచి అరిచి చలమారెడ్డి గొంతు పోయింది. చివరికి ఆయన కళ్ళు ఏలియా చేతిలోని పెట్టె మీద పడ్డాయి. దస్తగిరి అనేవాడివి నిజంగా నువ్వే అయితే, నా బిడ్డ మొహం చూసైనా ఊదమని బతిమాలాడు. మాస్టారు పెట్టె తెరిచి ముక్కలు బిగించసాగారు. ఏలియా గుండె కుదుటపడింది. ఇప్పుడు చూస్తారు వీళ్ళు, అనుకున్నాడు.

వీళ్ళు చూసేలోపు మోటార్ సైకిలు మీద కాంట్రాక్టరు మేనేజరు దిగాడు. ఒకే లగ్నానికి అయిదారు ఊళ్ళకి దస్తగిరి బ్యాండుని పంపి, ఎక్కడ చెడితే అక్కడికి పరుగెత్తే పని అతనిది. మర్యాద తెలిసినవాడే. మాస్టారికి వంగి దండం పెట్టాడు. "ఊదమాకండి మాస్టారూ. పెళ్ళిళ్ళలో ఆ పేరు మీద ఊదే హక్కు మాదేనని మీరే రాసిచ్చారు" అన్నాడు.

చలమారెడ్డికి మతిపోయింది. "తిట్లు తినడానికైతే ఈయన దస్తగిరి, ఊదడానికి మాత్రం కాదా?"

మేనేజరు తల గోక్కున్నాడు. పెళ్ళి ఆగిపోతే అతనికీ నష్టమే. ఒక దారి కనిపెట్టాడు. మాస్టారు కోటు తొడుక్కుంటే మా మనిషి కింద లెక్క, కూలీల్లో ఒకరిగా ఊదొచ్చు అన్నాడు. తప్పుగా అంటున్నానన్న ధ్యాస కూడా అతని మొహంలో లేదు. సున్నాల వాడి ఒంటి మీంచి చెమటతో తడిసిన కోటు విప్పించి మాస్టారి ముందు పట్టుకున్నాడు. ఏలియా పళ్ళు పటపటా కొరికి, పిడికిలి బిగించి ముందుకు దూకాడు. మాస్టారు అతని మణికట్టు పట్టుకుని ఆపేశారు. పెట్టె కింద పెట్టొద్దు, దుమ్ము పడుతుంది అని మాత్రం అన్నారు.

ఆ ముసలాయన తన పేరు రాసిన కోటు, పరాయివాడి చెమట కంపుతో తొడుక్కున్నారు. క్లారినెట్ ఎత్తబోతే చేతులు సగంలో ఆగిపోయాయి. చంకల్లో పట్టేసింది. ఆయన మళ్ళీ ఎత్తారు. కుట్లు పర్రున తెగాయి. తెగిన తర్వాత చేతులు లేచాయి, మోహన రాగం లేచింది. డ్రమ్ము వాడికి నిజంగానే వాయించడం వచ్చు, వాడు కలిశాడు. పెళ్ళికొడుకు మేనమామ మెట్టు దిగాడు. ఊరంతా కదిలింది. ఆడవాళ్ళు పన్నీరు చల్లారు, చలమారెడ్డి కళ్ళు తుడుచుకున్నాడు. పాట ఎంత బాగుందో ఏలియాకి తెలుసు. అయినా ఆ కోటులో ఆ పాట వినడం కంటే తిట్లు వినడమే నయమనిపించింది.

విడిది చేరాక మేనేజరు అందరికీ కూలి పంచాడు. మాస్టారి వంతు వచ్చేసరికి చెయ్యి చాపి కోటు అడిగాడు. చంక దగ్గర చిరుగు చూసి మొహం చిట్లించాడు. కుట్టించడానికయ్యేది పట్టుకుని, మిగిలిన నోట్లు ఆయన చేతిలో పెట్టి, మళ్ళీ వంగి దండం పెట్టి వెళ్ళిపోయాడు. మాస్టారు ఆ నోట్లు మడిచి బనీను లోపలి జేబులో పెట్టుకున్నారు.

బస్సు కోసం నిలబడ్డ చోట టీ కొట్టుంది. ఏలియా గ్లాసు ముట్టుకోలేదు. కోపం ఎవరి మీద చూపించాలో తెలియక చివరికి మాస్టారి మీదే విరుచుకుపడ్డాడు. ఆ కోటు ఎందుకు తొడుక్కున్నారు, వాడి మొహాన కొట్టాల్సింది, సిగ్గనిపించలేదా అని గురువుని శిష్యుడు అడగకూడని మాట అడిగేశాడు. మాస్టారు కోపగించుకోలేదు. మోకాళ్ళు రెండూ అరచేతులతో రుద్దుకున్నారు. ఉగాదికొచ్చే ఆ డబ్బే లేకపోతే ఈ కాళ్ళు ఈ పాటికి మంచంలో ఉండేవని, ఆ సంగతి మర్చిపోయి మాట్లాడితే తాను అబద్ధాలకోరు అవుతానని నెమ్మదిగా చెప్పారు. ఏలియాకి ఆ జవాబు ఇంకా చిరాకు తెప్పించింది. అయితే సంతకం పెట్టమంటారా, వద్దంటారా, ఇవ్వాళైనా నోటితో ఒక్క మాట చెప్పండి అని నిలదీశాడు.

దూరంగా బస్సు కనబడింది. మాస్టారు టీ గ్లాసు కింద పెట్టి లేచారు. ఏలియా మెడ వెనక మడతపడిన కాలరు సరిచేస్తూ, అక్కడున్న ఎర్రదారం అక్షరాల మీద బొటనవేలితో ఒకసారి నిమిరారు.

"పెట్టుకుంటావో మానుకుంటావో నీ ఇష్టంరా అబ్బాయా. వాళ్ళొచ్చినప్పుడు ఒక్కటి మాత్రం అడుగు. నీ చొక్కా నువ్వే తొడుక్కోవాలంటే ఎవరిని అడగాలో."