శూలప్ప ముక్కు మీద వాత

అనగనగా ఒక అడవిలో, కొలువు పాటలంటే గిట్టని అల్లరి మూక ఒకటి ఉండేది పిల్లలూ. సింహంగారి కొలువులో కోకిలలు తలలు వంచుకుని పాడుతుంటే, వీళ్లు వాగు ఒడ్డున బండ మీద చేరేవారు. చెవులకు చిరిగిన ఆకులు తగిలించుకుని, "రేవు ఎవరిది? అందరిదీ!" అని గొంతు చించుకునేవారు.

వాళ్లలో పెద్దవాడు శూలప్ప అనే ముళ్లపంది. అతని దగ్గర గిటారు ఉండేది. దాన్ని ఎవరినీ ముట్టనిచ్చేవాడు కాదు. ప్రతి పున్నమి సాయంత్రం మొదటి పాట ఎవరు పాడాలో మూక కేక వేసి చెప్పాలి. ఇన్నాళ్లూ ఆ కేక శూలప్ప పేరే. అదే అతని ప్రాణం.

ఒకనాడు బుడంకాయ అనే ఉడత ఉకులేలే పట్టుకొచ్చింది. అది చూడ్డానికి గిటారు చెల్లెలిలా ఉంది, తీగలు నాలుగే.

"ఆటబొమ్మా అది?" అని శూలప్ప పకపకా నవ్వాడు.

"బొమ్మే అన్నా! అందుకే ఎవరికీ భయం వెయ్యదు. ఇదిగో తొండా, ఇక్కడ వేలు పెట్టు. ఇప్పుడు మీటు," అంది బుడంకాయ.

పొద్దు గూకేలోపు తొండ ఒక పాట వాయించేసింది. మర్నాడు ముంగిస, ఆ మర్నాడు అడవిపిల్లి.

శూలప్పకు కడుపు మండిపోయింది. గిటారు కోసం తన వేళ్లు కాయలు కాచిపోయాయే! ఈ గుప్పెడంత ఉడత వెంట పడతారా అందరూ? ఉకులేలే వినబడకుండా గిటారు దడదడలాడించాడు. మూక బుడంకాయకు ఇంకా దగ్గరగా జరిగింది.

పున్నమి రానే వచ్చింది. బుడంకాయ నీళ్లు తాగడానికి వాగులోకి దిగింది. శూలప్ప అటూ ఇటూ చూసి, ఉకులేలే తీగ ఒకటి పళ్ల మధ్య పెట్టి కొరికాడు. బిగించిన తీగ కదా, టప్పున తెగి ముక్కు మీద చెళ్లుమంది. వాత తేలి ముక్కు బూరెలా పొంగింది.

అంతలో బుడంకాయతో పాటు మూకంతా చేరింది. "మొదటి పాట ఎవరిది?" అని తొండ అరిచింది.

"శూలప్పది!" అని అందరూ ఒక్కసారే కేక వేశారు.

శూలప్ప నివ్వెరపోయాడు. పాడదామని నోరు తెరిస్తే "ఙుయ్" మని మూలుగు వచ్చింది. పాపం, ముక్కు మూసుకుపోయింది మరి!

బుడంకాయ తెగిన తీగ చూసుకుంది. దాని తోక వాలిపోయింది. కాసేపటికి, "మూడున్నాయిగా! లేని స్వరం మీరందుకోండర్రా," అంటూ మొదలుపెట్టింది. అందరూ అందుకున్నారు. బండ అదిరిపోయింది.

పాటయ్యాక తొండ తీగ వంక చూసింది, శూలప్ప ముక్కు వంక చూసింది. శూలప్ప సిగ్గుతో చితికిపోయి, తన గిటారులోని సన్నటి తీగ విప్పి బుడంకాయ ముందు పెట్టాడు.

"అన్నా, నీ పేరు కేకేసిన వాళ్లలో నేనూ ఉన్నాను," అంది బుడంకాయ.

ఆ మాట వాత కన్నా ఎక్కువ మండింది.

నీతి: ఎదుటివారి పాట ఆపాలని చూస్తే, మన కోసం కాచుకున్న పాట కూడా మనం పాడలేం.