మలిపిలుపుకు వచ్చిన అతుకుచీర తల్లి

“తప్పు నాదేనమ్మా! రండమ్మా!”

నూలువలస నేతవీధిలో ఫాల్గుణ మాసం చివరి శుక్రవారం పొద్దెక్కేసరికి ఈ కేక వినిపిస్తుంది. కొత్తగా వచ్చిన భక్తులు ఎవరో తగవు పడుతున్నారని కంగారుపడతారు. కంగారక్కర్లేదు, అది అమ్మవారి సేవ. ఆ ఏడు వంతు వచ్చిన ఇల్లాలు కుంకుమ భరిణె పట్టుకుని, తాను నొప్పించిన మనిషి గుమ్మం ముందు నిలబడి, చేసిన తప్పు పైకి చెప్పి పిలవాలి. గొణిగితే కుదరదు. “వినపడలేదు!” అని వీధి చివరి నుంచి ముసలమ్మలు అరుస్తారు. దీన్నే మలిపిలుపు అంటారు. గుడిలోకి వెళ్తే విగ్రహం ఉండదు, మసి పట్టిన పొయ్యిరాయి ఉంటుంది. దానికి కట్టిన చీర ఎంత కొత్తదైనా కొంగున ఒక అతుకు ఉండి తీరుతుంది. ఎందుకంటారా? కాస్త నీడన కూర్చుంటే సంగతి తెలుస్తుంది.

పూర్వం ఇక్కడి ఆడవాళ్లు ప్రతి శుక్రవారం ఒక్కో ఇంట కూడేవారు. ఎవరి రాట్నం వారు తెచ్చుకుని, గుండ్రంగా కూర్చుని కండెలకు నూలు చుట్టుకుంటూ, కష్టసుఖాలు చెప్పుకుని, చివరికి ఆ ఇంటనే కలిసి భోంచేసేవారు. మగవాళ్లు మగ్గం గుంటల్లోంచి వినాల్సిందే తప్ప నోరెత్తడానికి లేదు! వంతు వచ్చిన ఇల్లాలు తెల్లారగానే గుమ్మం గుమ్మానికీ వెళ్లి బొట్టు పెట్టి పిలవాలి. బొట్టు అందని మనిషి రాదు. అది ఆనాటి మర్యాద.

ఆ శుక్రవారం గవరమ్మ వంతు. పట్నం నుంచి ఆమె పెద్ద ఆడపడుచు వచ్చి ఉంది. ఒంటినిండా నగలు, నోటినిండా వంకలు. గవరమ్మ భరిణె పట్టుకుని అందరినీ పిలుచుకుంటూ ఎర్రమ్మ గుమ్మం దాకా వచ్చింది. లోపల ఎర్రమ్మ తన అతుకుచీర కట్టుకుని రాట్నం తిప్పుతోంది. ఆ చీరను చూసి వదిన ఏమంటుందో గవరమ్మ చెవుల్లో ముందే వినిపించింది. తల వంచుకుని, అడుగు చప్పుడు కానీయకుండా పక్క గుమ్మానికి పోయింది. లోపల రాట్నం ఒక్క క్షణం ఆగడం ఆమెకు వినపడింది. మళ్లీ తిరగడమూ వినపడింది.

అందరూ వచ్చారు. గవరమ్మ ఎసరు పెట్టింది. మంట భగభగ మండుతోంది గానీ ఎసరు కాగదు. కట్టెలు మార్చింది. కాగలేదు. వేలు పెట్టి చూస్తే నూతినీళ్లలా చల్లగా ఉంది.

“ఏటే గవరీ, మీ ఇంట్లో నిప్పుక్కూడా సలేస్తందేటే?” అని ఒకావిడ నవ్వింది. ఆకలి మీదున్న మిగతావాళ్లకు నవ్వు రాలేదు.

వీధికంతటికీ పెద్దదైన బంగారమ్మ అడిగింది. “అందరినీ పిలిచావా?”

“పిలిచానత్తా.”

“మరిచిపోయిన గుమ్మం లేదు గదా?”

“లేదత్తా.”

మరిచిపోలేదు, నిజమే. కావాలనే దాటింది.

చూసి చూసి బంగారమ్మ రాట్నం ముందే కునికింది. కాసేపటికి ఉలిక్కిపడి లేచింది. “కలొచ్చిందర్రా! ఎవరో ఆడమనిషి ఈ పొయ్యిరాయి మీద కూకుంది. ‘నా గుమ్మం దాటిపోయారు, మళ్లీ పిలిస్తేగానీ నా రాయి వేడెక్కదు’ అంది. మొకం కనపడలేదు గానీ, కొంగున అతుకుందర్రా.”

ఆ వీధిలో అతుకుచీర ఒక్కటే. అందరూ కళ్లు దించుకున్నారు. తిట్టినా బాగుండుననిపించింది గవరమ్మకు. ఆ అతుకు ఎలా పడిందో ఎర్రమ్మ తర్వాత తనకొక్కతెకే తెలుసు మరి.

“ఎవరినైనా పంపి పిలిపించవే. ఇంటి కోడలివి, నువ్వు మళ్లీ వెళ్లి బతిమాలడమేటి?” అని ఆడపడుచు చెయ్యి పట్టుకుంది. గవరమ్మ చెయ్యి విడిపించుకుని భరిణె తీసుకుంది.

ఎర్రమ్మ గుమ్మం ముందు నిలబడి, అక్కను పిలిచినట్టే “ఎర్రప్పా, భోజనానికి రా” అంది మెల్లగా. రాట్నం ఆగలేదు. “మరిచిపోయానప్పా” అంది. ఆగలేదు.

అప్పుడిక వీధంతా వినేలా అరిచింది.

“మరిచిపోలేదప్పా! తప్పు నాదే! నీ చీర చూసి మా వదిన నవ్వుతాదని సిగ్గుపడ్డాను. సంతదారిలో, వానలో నా కొడుకు పుట్టినపుడు, ఆడిని సుట్టడానికి నీ కొంగు సింపావు. ఆ సిరుగు చూసే నాను సిగ్గుపడ్డాను!”

రాట్నం ఆగింది.

ఎర్రమ్మ చాలాసేపు బయటికి రాలేదు. వచ్చాక కూడా నవ్వలేదు. “ఉండు, పండగ చీర కట్టుకొస్తాను” అంది.

“వద్దప్పా. దీంతోనే రా.”

“మీ వదిన?”

“సూడనీ.”

బొట్టు పెట్టబోతే గవరమ్మ తొందరలో కుంకుమంతా ఎర్రమ్మ ముక్కు మీద రాలింది. “కుదురుగా ఎట్టు. ఇంత ఆలీసం చేసిందిగాక ఇదొకటి” అని ఎర్రమ్మ కసిరింది. ఆ కసురుకే గవరమ్మకు ఏడుపొచ్చేసింది.

ఇద్దరూ గడప దాటేసరికి పొయ్యి మీద ఎసరు కుతకుతలాడింది. ఆడపడుచు లేచి, తన పీట ఎర్రమ్మకు వేసింది.

తరువాత ఆ పొయ్యిరాయికి పసుపు రాసి అమ్మవారిగా నిలిపారు. గవరమ్మ తన పెళ్లిచీర కొంగు చింపి, ఎర్రమ్మ పాతచీర ముక్కతో అతుకు వేసి, అమ్మవారికి కట్టింది. సిగ్గు మాత్రం ఆమెకు బతికినన్నాళ్లూ పోలేదంటారు. పోకూడదనే ఆ తల్లి ఉద్దేశం కాబోలు.

నేటికీ ఇక్కడ చీర పెట్టదలచినవారు తమ పాతచీర ముక్క ఒకటి దానికి అతికి సమర్పిస్తారు. మాటలు మానుకున్న తోడికోడళ్లు, మొహం చాటేసుకున్న అప్పచెల్లెళ్లు ఈ తల్లి ఎదుట కలుస్తారని, వారి ఇంట పొయ్యి చల్లారదని నమ్మకం. మగవారూ మొక్కుకోవచ్చు. కేక వేసే ధైర్యమే వాళ్లకు చాలడం లేదు!

ఆ రోజున వచ్చే భక్తులు భోజనానికి తొందరపడరాదు. పిలిచిన మనిషి వచ్చేదాకా బియ్యం ఎసట్లో పడవు. ఒక్కోసారి మధ్యాహ్నం దాటిపోతుంది. ఒక ఏడు పొద్దే వాలింది, అయినా ఎవరూ కదల్లేదు. ఆ మనిషి వచ్చాక వంతు ఇల్లాలు ఆమెకు పీట వేసి, తాను పక్కనే కటికనేల మీద కూర్చుంటుంది. అప్పుడు విస్తళ్లు పడతాయి. ఊరివారు, పైవారు అనే తేడా లేకుండా, గుండ్రంగా, అందరూ కలిసి భోజనానికి కూర్చుంటారు.