ముక్కు కొలత

తల ఎగిరిపోయిన కొబ్బరి మోడులో ఒక తొర్ర ఉంది. తొర్ర వడ్రంగిపిట్టది. అందులో అద్దెకుండేది గోరింక.

వడ్రంగిపిట్ట పెద్దమనిషి. ఆ మాట అందరికంటే ముందు ఆయనే చెబుతాడు. అద్దె కూడా ధర్మంగానే పెట్టాడు. తొర్ర లోతు తన ముక్కుతో కొలిచి, ముక్కుకు మూడు వేపపండ్లు అన్నాడు. అయిదు ముక్కుల లోతు, వారానికి పదిహేను పండ్లు. గోరింక నాలుగేళ్లుగా ఇస్తోంది.

ఈసారి అది గుడ్ల మీద కూర్చున్న మర్నాడే ఆయన కొలతకు వచ్చాడు.

"ఏడు ముక్కులొచ్చిందమ్మా. ఇల్లు పెరిగింది. ఇకమీదట ఇరవై ఒకటి. కుదరకపోతే అమావాస్యకల్లా ఖాళీ చెయ్యి."

గోరింక ఆయన ముక్కు వంక చూసింది. కనబడిన చెట్టునల్లా సొంతం చేసుకోబోయి పొడిచిన ముక్కు, మూడోవంతు అరిగిపోయింది. కానీ ఓనరు ముక్కు గురించి అద్దెకున్నవాళ్లు మాట్లాడరు. గుడ్లు మోసుకుని ఇల్లు వెతుక్కోవడం కుదరదు. ఇరవై ఒక్క పండ్ల కోసం తిరిగితే గుడ్లు చల్లారిపోతాయి.

"కాళ్లు పట్టుకో అక్కా," అంది కిందినుంచి ఉడుత. దానికి సొంత గూడుంది, అందుకని సలహాలకు లోటు లేదు.

గోరింక కాళ్లు పట్టుకోలేదు. "అలాగే ఓనరుగారూ, ఏడంటే ఏడే. కాకపోతే మీరు పండ్లు ఒక్కొక్కటీ లెక్కపెట్టుకోవడం ఏం బాగుంటుంది? వరసగా పేరుస్తాను. మీ ముక్కుతోనే కొలుచుకోండి. ఏడు ముక్కుల ఇంటికి ఏడు ముక్కుల పండ్లు."

"మర్యాద తెలిసినదానివి," అన్నాడాయన.

పూర్వం ఆ ముక్కు పక్కన మూడు పండ్లు పట్టేవి. ఇప్పుడు రెండే పట్టాయి. ఏడుసార్లు ముక్కు ఆనించి, పద్నాలుగు పండ్లు తీసుకుని, అద్దె పెంచానని నాలుగు తోటల్లో చెప్పుకున్నాడు. ఇప్పటికీ చెప్పుకుంటూనే ఉన్నాడు.

గుడ్లు పిల్లలయ్యాయి, పిల్లలు ఎగిరిపోయాయి. వానాకాలం గాలికి ఉడుత గూడు కూడా ఎగిరిపోయింది.

"అక్కా, తొర్రలో ఓ మూల ఇయ్యవా? అద్దె ఇస్తాలే," అంది ఉడుత తడుస్తూ.

"దానికేం చెల్లీ. ముక్కుతో కొలిచి చెబుతాను."

గోరింక బయటికొచ్చి, ముందుగా తన ముక్కును మోడు పెచ్చుకేసి రాయడం మొదలుపెట్టింది.

"దురదా అక్కా?"

"కొలత ధర్మంగా రావాలి కదా," అంది గోరింక, ఇంకాస్త రాస్తూ.