తాళం పడ్డ గొంతు

గఫూర్ వేసిన తాళాన్ని ఈ భూప్రపంచంలో ఎవడూ తీయలేడు. చివరికి గఫూర్ కూడా తీయలేకపోయాడు. అదీ వచ్చిన చిక్కు.

నల్లమల అంచున ఉన్న ఆ దర్గాలో, కన్నుమూసిన పెద్దబాబా బోధలు ఆరువందల క్యాసెట్లలో ఉండేవి. ఆ గొంతు వింటే కొండమీది చిరుతలు కూడా దిగొచ్చి కూర్చునేవట! క్యాసెట్లకు బూజు పడుతుంటే శిష్యుడు గఫూర్ నడుం కట్టాడు. నాలుగు నెలలు రెప్ప వేయకుండా అన్నిటినీ నెట్‌వర్క్ స్టోరేజి పెట్టెలోకి, ఫోన్లలో వినేలా, ఎక్కించాడు. చిరిగిన పవిత్ర గ్రంథాలను మట్టిలో దాచే ఆచారం ఉంది కదా, బూజు పట్టిన ఆ క్యాసెట్లన్నిటినీ అలాగే ఖబరస్తాన్ గోడ పక్కన పూడ్చేశాడు.

ఆపైన పెట్టెకు ఎన్‌క్రిప్షన్ తాళం పెట్టాడు. అతడిచ్చిన అనుమతి సర్టిఫికెట్ లేని ఫోను దాని గడప తొక్కలేదు. కీ, అంటే తెరిచే రహస్య సంకేతం, ఇవ్వకపోతే లోపలున్నదంతా వట్టి చెత్త.

"వెయ్యి కంప్యూటర్లు వెయ్యేళ్లు కుస్తీ పట్టినా తెరుచుకోదు బాబా!" అని, పెద్దబాబా పాదాల దగ్గర పెరిగిన తన గురువు సత్తార్ బాబా ముందు మీసం తిప్పాడు.

కీ నాలుగు చోట్ల ఉంటే నలుగురు దొంగలకు దారి చూపినట్టేనని, కాపీలన్నీ చెరిపేశాడు. మిగిలిన ఒక్కదాన్నీ అన్నిటికన్నా భద్రమైన చోట దాచాడు. ఆ పెట్టెలోనే.

దర్గా ఉత్సవం ఉరుసుకు ముందురోజు పొద్దున కరెంటు పోయి వచ్చింది. పెట్టె మళ్లీ మొదలై, కీ అడిగింది.

ఏటా ఉరుసులో గంధం ఊరేగింపు ఎత్తేముందు జనానికి పెద్దబాబా గొంతు వినిపిస్తారు. మధ్యాహ్నం దాకా పెనుగులాడి, గఫూర్ వచ్చి గురువు కాళ్ల మీద పడ్డాడు.

"పెద్దబాబాను పోగొట్టేశాను, బాబా."

సత్తార్ బాబా సమాధికని తెచ్చిన పచ్చ చాదర్లలో ఒకటి తీసి పెట్టె మీద కప్పారు. ఊదుబత్తి వెలిగించారు. గుడ్డ కింద చిన్న లైటు మిణుకుతూనే ఉంది.

"ఇంకా ఏదో దారి ఉంటుంది బాబా..."

"వెయ్యేళ్లని నువ్వే అన్నావుగా నాయనా. నాకా, వయసు మీదపడి ఆయన మాటలన్నీ జారిపోతున్నాయి. ఆరువందలూ నీ చేతుల మీదుగా పోయాయి. ఒక్క మాట చెప్పు. రేపు అదే వినిపిద్దాం."

గఫూర్ చాదర్ కొస సర్దాడు.

"సౌండు ఆపేసి ఎక్కించాను, బాబా. బుర్ర తిరిగిపోతుందని."

"అసలేమీ వినలేదూ?"

"టేపు తిరుగుతోందో లేదోనని మొదట్లో వినేవాణ్ణి. మాట మొదలుపెట్టే ముందు పెద్దబాబా దగ్గేవారు. అది వినపడగానే ఆపేసేవాణ్ణి."

"ఎలా దగ్గేవారు?"

గఫూర్ తలొంచుకుని దగ్గాడు. పొడిగా రెండుసార్లు. ఆగి, ఇంకొకటి.

సత్తార్ బాబా ఉలిక్కిపడ్డారు. గబగబా టోపీ సర్దుకుని, మోకాళ్ల మీద కూర్చుని, చేతులు కట్టుకున్నారు.

"చెప్పండి బాబా," అన్నారు, గఫూర్ ముఖంలోకి చూస్తూ.